తాంగివై పతకం, నా రిపోర్టు

రిటైరవడానికి ముందు సంవత్సరం మార్చిలో లైప్‌జిగ్‌లోని ఒక మ్యూజియం నన్ను రత్నపరీక్షకు పిలిచింది. పచ్చరాయిని కంటితో చూసి జాతి చెప్పగలవాణ్ణి జర్మనీ మొత్తంలో నేనొక్కణ్ణే.

పని చిన్నదే. మావోరీల మెడ పతకం ఒకటి న్యూజిలాండ్‌లోని సొంత కుటుంబానికి తిరిగి వెళ్ళాలి. తీసుకెళ్ళడానికి ఆ ఇంటి పెద్దావిడ, ఆరోహా గారు, వచ్చి కూర్చున్నారు. మ్యూజియం పాత రిజిస్టర్‌లో ‘నెఫ్రైట్’ అని, అంటే గట్టి జేడ్ రాయి అని ఉంది. అదేనని నేను సంతకం చేస్తేనే వస్తువు కదులుతుంది.

రాయిని ఒకసారి గాలిలో, ఒకసారి నీటిలో తూచి సాంద్రత కడతాం. నెఫ్రైట్‌కి దాదాపు మూడు రావాలి. నా సహాయకురాలు, గుంటూరు సుజాత, రెండుసార్లు తూచినా రెండున్నర దాటి కాస్తే వచ్చింది. అంటే బోవెనైట్, మెత్తటి వేరే జాతి. ‘రిజిస్టర్‌తో సరిపోలడం లేదు’ అని రాసేశాను. మ్యూజియం అధికారిణి, ఇంకో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, పెట్టుకుందామని ఫైలు మూసింది. అలాంటి టెర్మిన్‌కి ఏళ్ళు పడుతుంది.

ఆరోహా గారు లేవలేదు. పతకాన్ని కిటికీ వెలుగుకు పట్టారు. లోపల నీటిబొట్టులా కాంతి నిలిచింది. దీన్ని తాంగివై అంటామని, కన్నీరు అని దాని అర్థమని చెప్పారు. గట్టిదైనా మెత్తదైనా తమకు పౌనామేనట. తరతరాలుగా మెడలో వేసుకునే పచ్చరాళ్ళన్నిటికీ వాళ్ళు పెట్టుకున్న పేరు అది. తర్వాత రాయికి ముక్కూ నుదురూ ఆనించి, చాలాకాలానికి కలిసిన అత్తను పలకరించినట్టు, పేరు పెట్టి పిలిచి ఏడ్చారు.

నేను పాత రిజిస్టర్‌లో ఆ పతకానికి గీసి ఉంచిన బొమ్మ తెరిపించాను. కొలతలు, తాడు రంధ్రం పక్కన విరిగిన అంచు అచ్చంగా కలిశాయి. ‘వస్తువు అదే, ఖనిజం పేరే పొరపాటు’ అని తిరగరాశాను. సాయంత్రానికి పతకం ఆవిడ మెడలో ఉంది.

మొదట్లో నేనొక్కణ్ణే అన్నాను కదా, అది పెంచి చెప్పింది. అలాంటివాళ్ళు ఈ దేశంలో బోలెడుమంది. పైగా ఆ రోజు కంటితో చూసి నేను చెప్పింది నెఫ్రైట్ అనే. నా తప్పు పతకాన్ని మళ్ళీ బీరువాలో పెట్టించకుండా ఆపినందుకు ఆరోహా గారికి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. రిపోర్టు రాసేముందు, ఆ వస్తువు గలవాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారో అడగాలని అప్పుడే నేర్చుకున్నాను.

ఇది సుజాతకు చదివి వినిపించాను.

“బొమ్మ తెరవమన్నది ఆరోహా గారండీ, మీరు కాదు,” అంది. “మీరప్పటికే కోటేసుకుని రైలు టైం చూసుకుంటన్నారు.”