వీసాలో రాసి ఉన్న పని

మా నాయిన తాపీ మేస్త్రి. ఇల్లు శామీర్‌పేటలో, పని మాత్రం దూలపల్లి వైపు. తొంభైల చివర్లో అక్కడ ఎటు చూసినా కొత్త గోడలు లేస్తుండేవి. గోడ దగ్గర ఆయన చెయ్యి ఎంత వాటమో, వంటింట్లో అంత మొద్దు. చాయ్ పెట్టడం కూడా రాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఆయనకు కువైట్ వీసా వచ్చింది. మేడ్చల్ ఏజెంట్ ఇంటికొచ్చి కాగితం చేతిలో పెట్టిపోయాడు. నాయిన పేరున్న ఇంగ్లీషు వరుస ఒక్కటి నేను చదవగలిగాను. తక్కినదంతా అరబ్బీ.

మా వాడలో నాకు వరసకు కాక, అంటే బాబాయి, అయ్యే ఒకాయన ఉండేవాడు. విజిట్ వీసా మీద కువైట్ పోయి, హోటల్లో దొంగచాటుగా పని చేస్తూ పట్టుబడి, తిరిగొచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. హోటల్ పుణ్యమా అని నాలుగు అరబ్బీ ముక్కలు చదవడం వచ్చు. కాగితం చూస్తూ చూస్తూ నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం రాసిండ్రురా?" అన్నాడు నాయిన.

"అన్నా, నిన్ను వంటోనివని రాసిండ్రే!"

"అయ్యో, గా దేశపోళ్లు ఏం పాపం జేసిండ్రు!" అంది పక్కనే ఉన్న నాయినమ్మ.

మర్నాడు కాక ఆటోలోనే ముగ్గురం మేడ్చల్ పోయాం. ఏజెంట్ తొణకలేదు.

"గిండ్ల పరేషాన్ ఏముంది మేస్త్రీ? కాగితంల ఏదుంటే ఏంది? ఆడికి పోయినంక గోడలే కట్టుకో. ఎవడు జూస్తడు?"

మార్చమంటే అన్నీ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలన్నాడు. నాయిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాడు. దారిలో కాక అందుకున్నాడు.

"జూస్తరన్నా. నన్ను జూడలేదా? కాగితంల ఉన్న పని జేస్తే నిమ్మళంగ నిద్ర వడ్తది. ఇంకో పని జేస్తే, పోలీసు బండి సప్పుడైతే చాలు, గోడ దుంకాలె."

"గోడ కట్టుడే వచ్చు నాకు. దుంకుడు నాతోని గాదు," అన్నాడు నాయిన. ఇంటికి చేరేలోపు తేల్చేసుకున్నాడు. అమ్మ ముందు నిలబడి, "నెల రోజులున్నయి. నాకు వంట నేర్పు," అన్నాడు. అమ్మ నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి ఆపేసింది.

మొదటి రోజు అన్నం కింద మాడింది, పైన పలుకుగా ఉంది. పప్పులో తగినంత ఉప్పు వెయ్యమంటే నాయినకు కోపమొచ్చింది. "తగినంత అంటే ఎంత? సిమెంటు ఒకటికి ఇసుక ఆరు అంటం గని, తగినంత ఇసుక అంటమా?"

అమ్మ జన్మలో ఉప్పు కొలవలేదు. ఆ రోజు నుంచి గరిటెలో పోసి, గ్లాసులో కొలిచి చెబుతుంటే నేను నోటుబుక్కులో రాశాను. తన వంటకు ఇన్ని లెక్కలున్నాయని తెలిసి అమ్మకే ఆశ్చర్యం.

కువైట్‌లో ఎక్కువమందికి వండాల్సి వస్తుందని ఆదివారాలు టెంట్ హౌస్ నుంచి పెద్ద గిన్నెలు తెచ్చి, దూలపల్లిలో తన పనివాళ్లకే వండిపెట్టాడు.

"మేస్త్రీ, గిది పప్పా, గోడకు గొట్టే నీళ్లా?" అన్నారు మొదటి వారం. మూడో వారం శామీర్‌పేట చెరువు చేపల పులుసు పెట్టాడు. ఎవరూ వంక పెట్టలేదు. అన్నం మాత్రం మళ్లీ మళ్లీ అడిగారు.

నాయిన చదివింది ఐదో తరగతి. అంత తక్కువ చదువున్నవాళ్లు పని కోసం దేశం దాటాలంటే పట్నంలోని ప్రభుత్వ ఆఫీసులో పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకోవాలి. కాగితాలు చదవడానికి నన్ను వెంట తీసుకుపోయాడు. అక్కడి అధికారి నాయిన చేతుల వంకే చూశాడు.

"ఇవి వంటోని చేతులా?"



"కాదు సార్, మేస్త్రి చేతులే. గీ కాగితం వచ్చినంక నెల సంది వంట నేర్చుకున్న. అండ్ల ఏం రాసుంటే గదే జేస్త," అన్నాడు నాయిన.

"అట్లనా? యాభైమందికి పప్పు ఎట్ల చేస్తవో చెప్పు."

నాయిన కళ్లు మూసుకుని కందిపప్పు, పసుపు, నీళ్లు, చింతపండు, ఉప్పు అన్నీ కొలతలతో గడగడా అప్పజెప్పాడు. అధికారి నవ్వు ఆపుకుంటూ, "పసుపు మర్చిపోయినవ్," అన్నాడు.

"లేదు సార్. పొయ్యి మీద పెట్టేటప్పుడే ఏసిన. మొదాలే జెప్పిన."

పక్క బల్లల వాళ్లు కూడా నవ్వారు. ముద్ర పడింది.

కువైట్‌లో ఒక కార్మికుల క్యాంపులో ఆరేళ్లు వండాడు. పని అనుమతి గడువు తీరకముందే ప్రతిసారీ పొడిగించుకున్నాడు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఒక చేత్తో కార్డు చూపించి, ఇంకో చేత్తో కూర కలుపుతూనే ఉంటానని ఉత్తరంలో రాశాడు. రెండో ఏడు కాకకు కూడా డ్రైవర్ పనికి సరైన వీసా ఇప్పించాడు.

తిరిగొచ్చాక దూలపల్లి ఫ్యాక్టరీల దగ్గర చిన్న మెస్ పెట్టాడు. నేనప్పుడు దుండిగల్ దగ్గర కాలేజీలో చదువుతున్నాను. వీలైనప్పుడల్లా మధ్యాహ్నం అక్కడికే పోయేదాన్ని. కార్మికులు చేతులు కడుక్కుని వరుసగా కూర్చుంటే, నాయిన అన్నం బేసిన్ చంకన పెట్టుకుని వాళ్ల మధ్య తిరిగేవాడు. "ఇంకింత పెట్టాల్నా?" అని అడిగేవాడు, జవాబు వినకుండానే పెట్టేసేవాడు.