సీసాలో పెరిగిన నీళ్ళు

మా నాన్నకి అనుమానం ఎక్కువ. నాకూ అదే వచ్చింది. పెట్రోలు కొట్టించేటప్పుడు ఇప్పటికీ మీటరు మీంచి కళ్ళు తియ్యను. కానీ ఆ ఏడాది నాన్న అనుమానపడింది పరాయివాణ్ణి కాదు, మా సొంత మావయ్యని.

అమలాపురంలో నాన్న ఓ పాత కారు బాడుగకి తిప్పేవారు. దుబాయి వెళ్ళేవాళ్ళని రాజమండ్రి స్టేషన్లో దింపడమే ఎక్కువ. పెట్రోలు మాత్రం మావయ్య బంకులోనే. ఆయన అమ్మకి స్వయానా అన్నయ్య. ఆయన కొడుక్కి అక్కనివ్వాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నదే. అక్కకీ బావంటే ప్రాణం. బావొస్తున్నాడంటే చాలు, కాఫీ తనే పెడతానని నన్ను వంటింట్లోంచి తరిమేసేది. మాఘమాసంలో తాంబూలాలు పుచ్చుకుందామన్నారు.

ఇంతలో వానల్లో కారు ఎక్కిళ్ళు పెట్టడం మొదలెట్టింది. మెకానిక్ విప్పి చూసి, "పెట్రోల్లో నీళ్ళు తగుల్తున్నాయండి" అన్నాడు. అంతే, నాన్న మొహం మారిపోయింది.

అప్పట్లో డ్రైవర్లకో పరీక్ష ఉండేది. సన్నటి గాజుసీసాలో కాసిని నీళ్ళు పోసి, ఆ మట్టానికి దారం కట్టి, పైన పెట్రోలు పోసి బాగా కుదపాలి. కాసేపటికి నీళ్ళు అడుక్కి దిగుతాయి. దారం దగ్గరే ఆగితే మంచి సరుకు, దాటితే కల్తీ. నాన్న మా అరుగు మీదే ఆ పని చేసేరు. నీళ్ళు దారం దాటేయి.

"చూసేవా మీ అన్నయ్య నిర్వాకం!"

"అన్నయ్య అలాంటివాడు కాదండి" అని అమ్మ మొత్తుకుంది. వింటేనా? సీసా పట్టుకుని తిన్నగా బంకుకెళ్ళి, డ్రైవర్లందరి ముందూ, "నీళ్ళు కలిపేవాడింటికి నా పిల్లనివ్వను" అనేసేరు. మావయ్య నోరెత్తలేదుట. నాకది మరీ అనుమానంగా తోచింది. తప్పు లేనివాడు తిరిగి తిట్టడూ? బావతో మాట్లాడకూడదని అక్కకి ఆ రోజే ఆంక్ష.

ఆ తర్వాత నాన్న రాజోల్లో కొట్టించేరు, కొత్తపేటలో కొట్టించేరు. ఎక్కడ కొట్టించినా సీసాలో నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. కొత్తపేట బంకాయన నవ్వేడుట. "ఇప్పుడు కంపెనీ డిపో నుంచే అలా వస్తోందండి. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్టు కలుపుతున్నారు. మీరు నీళ్ళు పోస్తే ఆ స్పిరిట్టు నీళ్ళలోకి దిగిపోతుంది. మట్టం పెరగదూ మరి? వానాకాలం టాంకులోకి దిగిన చెమ్మనీ అలాగే పట్టేస్తుంది, కారు ఎక్కిళ్ళు పెట్టేదీ అందుకే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కలిపినవాళ్ళు బంకు గోడ మీద ఓ ముక్క రాయించొచ్చు కదా!

పళ్ళూ పూలూ పట్టుకుని మావయ్యింటికెళ్ళేం. ఆయన ఎప్పట్లాగే కుర్చీలేయించేరు, కాఫీ ఇప్పించేరు.

"స్పిరిట్టు సంగతి నాకు తెలుసండి బావగారూ. అడిగితే చెప్పేవాణ్ణి. మీరడగలేదు కదండి" అన్నారు. మళ్ళీ ఆయనే అందుకున్నారు. "పిల్ల బంగారం, కాదన్ను. కానీ రేపు మా ఇంట్లో దానికి జ్వరమొచ్చినా, మేమేం పెట్టేమోనని చూస్తారు మీరు. ఆ భయంతో నేను బతకలేనండి. అబ్బాయికి వేరేచోట మాటిచ్చేసేం."

అమ్మ దారంతా ఏడుస్తూనే ఉంది. ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో నుంచునుంది. నాన్న దాని మొహంలోకి చూడలేక, "పెట్రోల్లో తప్పేం లేదటమ్మా" అన్నారు.

"నాకు ముందే తెలుసు నాన్నా. బావ చెప్పేడు. చెబితే, వాడితో ఎప్పుడు మాట్లాడేవని నన్ననుమానిస్తారని నోరు మూసుకున్నాను" అంది అక్క.