ఆయన సాక్ష్యం, ఆమె మణికట్టు

సంఘమంతా చెవులు రిక్కించి వినే సాక్ష్యం ఒకటుండేది. అది వెల్డరుది. మందిరానికి కొత్తవాళ్ళెవరు వచ్చినా, ప్రత్యేక కూటాలేవి జరిగినా పాస్టరుగారు ఆయననే మైకు ముందుకు పిలిచేవారు. తాను తాగిన తాగుడు, తిట్టిన తిట్లు, ఒక సాయంత్రం కోపం పట్టలేక భార్యను మెట్ల మీదినుంచి తోసి ఆమె కుడి మణికట్టు విరగ్గొట్టిన వైనం, ఆ మరునాడే ఇదే మందిరంలో మోకరించి ఏడ్చిన తీరు, అన్నీ ఆయన వరుసగా చెప్పేవాడు. మణికట్టు దగ్గర జనం అయ్యో అనేవారు. మోకాళ్ళ దగ్గర చప్పట్లు కొట్టేవారు. "ఆ ఒక్క పూటతో మనిషి మారిపోయాడు!" అని పాస్టరుగారు ముక్తాయించేవారు.

ఆ మణికట్టు గల మనిషి ముందు వరుసలోనే కూర్చుని ఉందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టేది కాదు.

ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని కర్టెన్లు, దుప్పట్లు కుట్టే ఆమెను అందరూ టైలరమ్మ అనేవారు. భర్త మైకు అందుకోగానే ఆమె కుడిచేతిని శాలువాలో దాచుకునేది. అయినా ఆరాధన ముగిశాక బెంచీల పెద్దమ్మ వదిలేది కాదు. తన వాళ్ళకోసం ఒక బెంచీ నిండా గొడుగూ సంచీ పాటల పుస్తకమూ పరిచి ఉంచుతుంది గనుక ఆమెకా పేరు.

"ఇదేనా తల్లీ ఆ చెయ్యి? ఏదీ, ఓసారి తిప్పు!"

"తిప్పి చూడ్డానికి ఇదేమన్నా బజార్లో వంకాయా, పెద్దమ్మా?"

అన్నిటికంటే ఆమెను మండించినది ఆ "ఒక్క పూట". మోకరించి ఇంటికి వచ్చిన వారమే ఆయన అన్నం కంచాన్ని గోడకేసి కొట్టాడు. తాగుడు మానడానికి చాలాకాలం పట్టింది. వెటకారం మానడానికి అంతకంటే ఎక్కువ పట్టింది. విరిగిన మణికట్టు సరిగ్గా అతకలేదు. దళసరి గుడ్డ మీద కత్తెర నొక్కలేక పని పేరుకుపోతుంటే, ఒకనాడు ఆయనే సిగ్గుతో కత్తెర అందుకున్నాడు. ఇనుము కోసే తనకు గుడ్డ ఒక లెక్కా అనుకుని, ఆమె సుద్దతో గీసిన గీతను వదిలి లోపలికి కోశాడు. కర్టెను పొట్టిదైపోయింది.

"గీత నాది. కత్తెర దాని మీదే నడవాలి. మీ తెలివి దాచుకోండి."

ఆయన కత్తెర విసిరికొట్టి బయటికి పోయాడు. కాసేపటికి వచ్చి, తానే వంగి తీసుకున్నాడు. ఇలా ఎన్నిసార్లో జరిగింది. చివరికొకనాడు, కోయబోతూ కోయబోతూ, "ఇక్కడ ఆపనా?" అని అడిగాడు. కాపురానికి వచ్చినప్పటినుంచి ఆయన నోట ఆమె విన్న మొదటి ప్రశ్న అది. దేవుడు ఈ మనిషిలో నిజంగానే పని చేస్తున్నాడని ఆమె నమ్మింది ఆ రోజే. దానికెవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ ఏడు వార్షిక కూటాలకు ముందు పాస్టరుగారు ఇంటికి వచ్చారు. వెల్డరు బల్ల దగ్గర గుడ్డ కోస్తున్నాడు.

"అమ్మా, ఈసారి మీరు కూడా పక్కన నిలబడండి. ఆయన మణికట్టు మాట చెప్పగానే చెయ్యి కాస్త పైకెత్తండి, చాలు. ఎంతమంది మారతారో!"

టైలరమ్మ మిషను ఆపింది. "ఈ చెయ్యి విరిగిన రోజున కింద వాటాలో మన సంఘపెద్దలిద్దరు ఉన్నారు అయ్యగారూ. నా కేకలు విని తలుపేసుకున్నారు. ఇప్పుడు చూపిస్తే మారతారా?"

"దేవుని మహిమ కోసమమ్మా..."

"నా ఎముక విరిగితేగాని ఆయనకు మహిమ రాదా?"

పాస్టరుగారు ముఖం ముడుచుకుని, "నువ్వైనా చెప్పవయ్యా" అని వెల్డరుతో అని వెళ్ళిపోయారు.

"నేను తప్పు ఒప్పుకుంటున్నాననుకున్నానే" అన్నాడు వెల్డరు, చేతిలో కత్తెరతో.

"ఎవరి దగ్గర? చెప్పనా అని నన్నెప్పుడైనా అడిగారా? ఆనాడు మీరు తోసింది ఒక్కసారి. ఆ తర్వాత మైకు ముందు ఎన్నిసార్లు తోశారో! ప్రతిసారీ పడింది నేను, చప్పట్లు మీకు."

"అంతమందిలో సిగ్గు విడిచి చెప్పుకుంటుంటే..." ఆయన ముఖం జేవురించింది. కత్తెర ఉన్న చెయ్యి లేచింది. ఆ చెయ్యే మెల్లగా దిగి కత్తెరను బల్ల మీద పెట్టింది.

"కూటానికొస్తాను" అంది ఆమె. "మళ్ళీ ఆ మెట్ల సంగతి ఎత్తారో, లేచి వెళ్ళిపోతాను. ఇక మందిరం గుమ్మం తొక్కను."

కూటం నాడు మందిరం కిటకిటలాడింది. పాస్టరుగారు పిలవగానే వెల్డరు మైకు దగ్గరికి నడిచాడు. టైలరమ్మ ఈసారి చెయ్యి దాచుకోలేదు. పక్కన పెట్టిన సంచీ పిడిని గట్టిగా పట్టుకుంది. ఆయన ఆమెవైపు చూశాడు, కోసేముందు గీతను చూసినట్టు.

"నేను చెడ్డ పని చేశాను, అది మీకు తెలుసు. ఆ సాయంత్రం సంగతి ఇంక చెప్పను. దెబ్బ తగిలింది నా భార్యకి. ఆమెని అడక్కుండా ఇన్నాళ్ళూ ఆ దెబ్బని వాడుకున్నాను. ఒక్క పూటలో మారానన్నదీ నిజం కాదు. మొన్న కూడా నాకు కోపమొచ్చింది. దేవుడింకా నన్ను దిద్దుతూనే ఉన్నాడు."

మైకు వదిలేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు.

"ఇదేం సాక్ష్యం? ఉప్పూ కారం లేదు" అని వెనక నుంచి బెంచీల పెద్దమ్మ గొణిగింది.

"చాలకపోతే మీ ఇంటి సంగతులు కలుపుకోండి, పెద్దమ్మా" అంది టైలరమ్మ, వెనక్కి తిరగకుండానే.

వెల్డరు వేదిక మీద తనకు వేసిన కుర్చీని దాటి, దిగి వచ్చి ఆమె బెంచీ పక్కన నిలబడ్డాడు.

"ఇక్కడ కూర్చోనా?"

ఇన్నేళ్ళ మంట ఒక మంచిమాటతో చల్లారేది కాదు. చల్లారిందని నటించే అలవాటూ ఆమెకు లేదు. పాటలో ఒక చరణం అయిపోయింది. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. రెండో చరణం అందుకునే లోపు, ఆమె ఆ కుడిచేత్తోనే సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.