చెత్తబుట్ట మూత తీసే మావయ్యగారు

మావయ్యగారు ఎవరింటికెళ్ళినా ముందు వంటింట్లోకి దూరి చెత్తబుట్ట మూత తీసి చూసేవారు. కుశలప్రశ్నలు ఆ తరవాతే.

కోడలితో మొదటి మాటా అదే. "బంగాళాదుంప చెక్కు ఇంత మందంగా తీస్తావేమ్మా? తియ్యి తియ్యి, మావాళ్ళు బాగా తింటారు." మావాళ్ళంటే చుట్టాలనుకుంది పాపం. వరండాలో చెక్కపెట్టెలో, తడి కాగితాల కింద కాపురముంటూ, వంటింటి చెత్త తిని ఎరువు చేసే రెండువేల వానపాములని తరవాత తెలిసింది.

రిటైరైన పోస్టుమాను కదా, పొద్దున్నే బకెట్టు పట్టుకుని ఇంటింటి తొక్కల కోసం నాలుగంతస్తులూ తిరిగేవారు. మూడో అంతస్తు డాక్టరమ్మని గుమ్మంలోనే నిలదీశారోసారి.

"నిమ్మతొక్కలు తగ్గించండమ్మా. మావాళ్ళకి పడటం లేదు."

కోడలికి తల కొట్టేసినట్టయ్యేది.

పైవాటాలో బట్టలు కుట్టే ఆవిడ భర్త పోయి నెల కాలేదు. "పది రోజుల్నించి ఆ ఇంట్లోంచి వట్టి టీపొడే వస్తోంది. ఇలాగైతే కుదరదు" అంటూ లేచారు మావయ్యగారు.

"ఇప్పుడెళ్ళి చెత్త అడుగుతారా? బాగుండదు మావయ్యగారూ."

వింటేగా. సంచి నిండా కూరగాయలు తెచ్చి మెట్లెక్కేశారు. క్షమాపణ చెబుదామని కోడలూ వెనకాలే పరిగెత్తింది.

"నాకు చెక్కే కావాలమ్మా. లోపలి కాయతో పన్లేదు, మీరు వండుకోండి."

"ఒక్కదానికి ఏం వండుకోను అన్నయ్యగారూ?"

"మీకోసం ఎవరన్నారు? అక్కడ రెండువేల ప్రాణాలు ఎదురు చూస్తుంటేనూ."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, కుట్టుమిషను మీద దుమ్ము చేత్తో తుడిచి, చాకు కోసం లోపలికెళ్ళింది.

దిగుతుంటే కోడలు ఉండబట్టలేక అడిగింది. "చెక్కులు మనింట్లోనే బోలెడున్నాయిగా?"

"ఉంటే ఉన్నాయి. నీకెందుకు" అన్నారాయన గోడకేసి చూస్తూ. అన్నాళ్ళూ ఆయన్ని చూసి సిగ్గుపడినందుకు కోడలికి సిగ్గేసింది.

రోజూ సంచి పైకెళ్ళేది, చెక్కులు కిందకొచ్చేవి. నెల తిరిగాక ఒక పొద్దున బకెట్టులో, పైవాటా చెక్కుల మధ్య గుమ్మడికాయ గుజ్జు కనిపించింది. మావయ్యగారు కళ్ళజోడు సవరించుకుని రెండుసార్లు చూశారు.

"గుమ్మడికాయ నువ్వు కొన్నావా?"

"లేదు మావయ్యగారూ."

"నేనూ కొనలేదు." ఆవిడ తనంతట తాను బజారుకెళ్ళిందన్నమాట. ఆయన ముక్కు గట్టిగా చీదుకుని, బకెట్టు పట్టుకుని వరండాలోకి నడిచారు. పెట్టె మూత తీసి ఆ కబురు ముందు వాళ్ళకే చెప్పారు.