సారా సీసాల మీద నా సంతకం

వీఆర్వో ఉద్యోగంలో నేను రాసిన కాగితాలకు అంతులేదు. అడంగళ్లు, పాసు పుస్తకాల అర్జీలు, పింఛన్ల జాబితాలు. వాటిలో ఒక్కటీ విడిగా గుర్తులేదు. గుర్తున్నవి అరచేతిలో సగం ఉండే తెల్ల చీటీలు. పట్టుబడిన నాటుసారా సీసాలకు అంటించడానికి నేనే కత్తిరించి, నేనే రాసినవి.

మా మండలం పేరు చెప్పను. చిత్తూరు చుట్టుపక్కలదే. చెరకు, బెల్లం వండే కొట్టాలు, వెనక గుట్టలు. బెల్లం దండిగా ఉండి, దాక్కోవడానికి గుట్ట ఉంటే సారా కాచేవాళ్లూ ఉంటారు. వాళ్లను పట్టుకోవడానికి స్టేషన్ వాళ్లు వెళ్లినప్పుడు ఇద్దరు మధ్యవర్తులు పక్కనుండి చూడాలి. దొరికిన సారాలో కొంత చిన్న సీసాల్లో పోసి, ఎవరి దగ్గర, ఏ రోజు, ఎక్కడ దొరికిందో చీటీ రాసి అంటిస్తే, దాని మీద మధ్యవర్తులు సంతకం చేయాలి. ఊళ్లోవాళ్లు ఎవరూ రారు. తెల్లారితే ఆ మనుషుల మొహాలే చూడాలి కదా. అందుకని వీఆర్వోలకు కబురు వస్తుంది. దొరికింది ఆడమనిషైతే నాకే.

మొదటిసారి వెళ్లినప్పుడు చీటీలు రాసింది రిటైర్మెంటుకు దగ్గరపడిన కానిస్టేబుల్. నోటుపుస్తకం కాగితం చించి, జెల్ పెన్నుతో రాసి, జిగురు పూశాడు. సీసాలు తడిగా ఉన్నాయి. జీపు గుట్ట దిగేలోపే సిరా కారిపోయింది, రెండు చీటీలు ఊడి కింద పడ్డాయి. ఎస్సై కుర్రవాడు. చీటీలు ఊడిపోయి ఏ సీసా ఎవరిదో తేలక అప్పటికే రెండు కేసులు కొట్టేశారని తల పట్టుకున్నాడు. నా దస్తూరీ చూసి, ఈ పని మీరు చేసిపెట్టండి మేడం అన్నాడు. ఊఁ అన్నాను.

ఆ రాత్రే ఇంట్లో కూర్చుని చీటీలు చేశాను. పాత ఎన్నికలప్పుడు మిగిలిన ఫారాలు దళసరిగా ఉంటాయి. వాటి వెనకవైపు గీతలు కొట్టి, కత్తెరతో ఒకే కొలతకు కత్తిరించాను. మైదాపిండి కలిపి పొయ్యి మీద బంక కాచి, బొద్దింకలు కొరక్కుండా మైలుతుత్తం పలుకు వేశాను. కోర్టు గదిలో ఆ సీసాలు ఏళ్లతరబడి ఉంటాయట. మా ఆయన వంటింట్లోకి వచ్చి చూసి, కూడు వండుకునే గిన్నెలో ఇదేం పని అన్నాడు. నిజమే. మర్నాటి నుంచి దానికో డబ్బా వేరే పెట్టాను. సీసాను పొడి గుడ్డతో తుడిచి, మూతకు దారం చుట్టి, ముడి మీదికి వచ్చేలా చీటీ అంటించేదాన్ని. చింపకుండా మూత తియ్యడం కుదరదు. ఆ తర్వాత ఒక్క చీటీ ఊడలేదు. కొంత గర్వం కూడా ఉండేది, దాచుకోను.

ఏళ్లు గడిచేకొద్దీ గర్వం పోయి అలుపు మిగిలింది. నెలకు మూడు నాలుగుసార్లు తెల్లవారుజామున ఫోను. చీకట్లో గుట్ట ఎక్కడం. పొదల వెనక అవే ప్లాస్టిక్ డ్రమ్ములు, అదే పులిసిన బెల్లం ఊట. దాన్ని నేల మీద పారబోస్తే ఆ వాసన చీర కుచ్చిళ్లకు పట్టేది. ఇంటికెళ్లి స్నానం చేసే తీరిక లేక అలాగే ఆఫీసుకు పోతే, అర్జీ ఇవ్వడానికి వచ్చినవాళ్లు ముక్కు ఎగబీల్చేవాళ్లు. పారబోసిన చోటే నెల తిరగ్గానే మళ్లీ డ్రమ్ము ఉండేది. మోకాళ్ల నొప్పులు అప్పుడే మొదలయ్యాయి.

ఆ మనుషుల్లో ఒకావిడ ఉండేది. నా వయసే. భర్త బెల్లం పాకం మీద పడి కాలు కాలి, పనికి పోలేక ఇంట్లోనే ఉండేవాడు. మొదటిసారి దొరికినప్పుడు కానిస్టేబుల్ చెప్పిన పేరే చీటీల మీద రాశాను. ఆమెకు చదువు రాదు. పంచనామా చదివి వినిపిస్తుంటే ఆపింది.

"అది మా నాయన ఇంటి పేరు. నాకు పెండ్లయ్యి ముప్పై ఏండ్లయింది. పట్టుకునేది ఎట్లాగూ పట్టుకున్నారు, పేరన్నా సరిగ్గా రాయండి."

చీటీలన్నీ మళ్లీ రాశాను. తర్వాత ఇంకో రెండుసార్లు దొరికింది. రెండుసార్లూ చీటీ ఆరేదాకా బండ మీద కూర్చుని వక్కాకు వేసుకుంటూ, ఈసారి పేరు సరిగ్గానే రాసినావా అని అడిగింది. రాశానన్నాను. నేను దిగలేక దిగుతుంటే, మోకాలికి ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టమని చెప్పింది. పోలీసుల మధ్య నడుస్తూ చెప్పింది ఆ మాట.

భూముల రీసర్వే నడుస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం స్టేషను నుంచి కొత్త కానిస్టేబుల్ ఒకడు ఆఫీసుకు వచ్చాడు. పొలాల వెంబడి తిరిగి తిరిగి, అప్పుడే కుర్చీలో కూలబడ్డాను. నేను కత్తిరించి స్టేషనుకు ఇచ్చిన చీటీల కట్టే తెచ్చాడు. ఒక్కదాని మీదా ఏమీ రాసిలేదు.

"కేసులు చూపించమని పైనుంచి ఒత్తిడిగా ఉండాది మేడం. మీరు కొండెక్కి రావాల్సిన పన్లేదు. ఈడనే సంతకాలు పెట్టియ్యండి, మిగతాది మేము రాసుకుంటాము" అన్నాడు.

తప్పని తెలుసు. అయినా డజను చీటీల మీద పెట్టేశాను. ఎవరూ బలవంతం చేయలేదు. గుట్ట ఎక్కే బాధ తప్పిందనే ఆ క్షణాన అనుకున్నాను.

పది పదిహేను రోజులకు, పేరు సరిగ్గా రాయమన్న ఆ ఆవిడను మళ్లీ తీసుకుపోయారని తెలిసింది. మళ్లీ దొరికిందనుకుని నా పనిలో పడ్డాను. నెల దాటాక బెయిలు మీద వచ్చి, నేరుగా మా ఇంటికి వచ్చింది. ఆదివారం. కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాను. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు దగ్గరే నిలబడింది.

"ఆ పొద్దు నేను ఊర్లోనే లేను. కూతురి కాన్పుకని తిరపతి పెద్దాసుపత్రిలో ఉన్నాను, ఎనిమిది దినాలు. నన్ను కొండలో సూసినట్టు నువ్వు సంతకం పెట్టినావంట. నిజమా?"

కోపంగా అడగలేదు. తెలుసుకోవడానికే అడిగింది. ఆ రోజు నేనూ కొండకు పోలేదని, సంతకాలు ముందే పెట్టానని చెప్పాను. అట్లనా అంది. మంచినీళ్లు తెచ్చేలోపు వెళ్లిపోయింది.

మరునాడే ఆ మాట కాగితం మీద రాసి పైవాళ్లకు ఇచ్చి ఉండాల్సింది. ఇవ్వలేదు. నాలుగేళ్లలో రిటైర్మెంటు. ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. స్టేషనుకు కబురంపి, మోకాళ్ల వల్ల ఇక రాలేనన్నాను. అంతకుమించి చేసిందేమీ లేదు. అలా రెండేళ్లు గడిచాయి.

చిత్తూరు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. అప్పటికి ఎస్సై మారిపోయాడు. కొత్తగా వచ్చినాయన వరండాలో నన్ను పక్కకు పిలిచి, సంతకం నాదే అంటే చాలు, రెండు నిమిషాల పని అని చెప్పాడు. అవతలి చివర బెంచీ మీద ఆమె కూతురితో కూర్చుని ఉంది. రెండేళ్ల పిల్ల ఆ బెంచీ కిందికీ పైకీ పాకుతోంది.

బోనులో నిలబడితే సీసా నా ముందు పెట్టారు. లోపలి సారా సగానికి పైగా ఆవిరైపోయింది కానీ చీటీ అంచు కూడా లేవలేదు. సంతకం నిన్న చేసినట్టుంది. సంతకం మీదేనా అని సర్కారు వకీలు అడిగాడు. నాదేనన్నాను. మీ ఎదుటే రాసి అంటించారు కదా అన్నాడు. చీటీ మీద ఆమె పేరు చదివాను. ఆఫీసుకు వచ్చిన ఆ కానిస్టేబుల్ దస్తూరీ. పేరు ముందు ఆమె పుట్టింటి ఇంటి పేరు.

"లేదండీ. ఆ రోజు నేను అక్కడ లేను. ఖాళీ చీటీల మీద ఆఫీసులో కూర్చుని సంతకాలు పెట్టాను" అన్నాను.

టైపు చేసే ఆయన మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాను. ఏం చెబుతున్నారో మీకు తెలుస్తోందా అని జడ్జిగారు అడిగారు. తెలుస్తోందన్నాను. సర్కారు వకీలు నన్ను ఎదురు తిరిగిన సాక్షిగా ప్రకటించమన్నాడు. ఆపైన అరగంట ఆయన అడిగినవాటికి జవాబులు చెప్పాను. అంతసేపూ నిలబడే ఉన్నాను, కుర్చీ అడగాలని తోచలేదు.

బయటికి వచ్చాక ఆమె నా దగ్గరకు వచ్చింది. దణ్ణం పెడుతుందేమోనని భయపడ్డాను. పెట్టలేదు.

"చెప్పినావు, సరే. ముప్పైఐదు దినాలు లోపలుండినాను. దీనికి పేరు పెట్టిన పొద్దు కూడా నేను లేను. మీ ఇంటికొచ్చినప్పుడే చెప్పుంటే ఈ రెండేండ్ల తిరుగుడన్నా తప్పుండు."

"భయపడినాను అక్కా" అన్నాను.

"అది నాకూ తెలుసు" అంది. పిల్లను చంకనేసుకుని కూతురి వెనకే బస్టాండు వైపు వెళ్లిపోయింది.

కొన్ని నెలలకు ఆ కేసు కొట్టేశారు. అంతకుముందువి నిజమైన కేసులు, అవి నడుస్తున్నాయి. ఆమె సారా మానేసిందని, మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరడానికి పోతోందని విన్నాను. చూడ్డానికి వెళ్లలేదు. నాకు మెమో వచ్చింది. సంజాయిషీలో జరిగింది జరిగినట్టు రాశాను. ఒక ఇంక్రిమెంటు ఆపి, జిల్లాలో ఇంకో మూలకు బదిలీ చేశారు.

ఇక్కడి స్టేషన్ వాళ్లూ మొదటి నెలలోనే మధ్యవర్తిగా రమ్మని కబురు పంపారు. వస్తాను, కానీ నా కళ్లతో చూసినదానికే సంతకం పెడతానన్నాను. మళ్లీ పిలవలేదు. ఇప్పుడు ఆరింటిదాకా పడుకోవచ్చు. నాలుగున్నరకే మెలకువ వస్తోంది. లేచి కాళ్లు రుద్దుకుంటూ మంచం మీదే కూర్చుంటాను.