భర్మార్ల ఉప్పలయ్య చెవి

తుపాకి గొట్టంలోకి ఇనుప కడ్డీ జారవిడిచి, ఆ చప్పుడును బట్టి లోపల మందు ఉందో లేదో చెప్పడం మా తాత ఉప్పలయ్య బతుకుదెరువు. కడ్డీ అడుగున ఇనుముకు తగిలి ఖంగుమంటే గొట్టం ఖాళీ. ధబ్‌మని మూగగా ఆగితే లోపల మందూ గుండూ కూర్చుని ఉన్నట్టు. దాన్ని భర్తీ అంటారు. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మురళీధర్ సేటుకు లైసెన్సు తుపాకులు చేసి, బాగుచేసే వర్క్‌షాపు ఉంది. అందులో ముప్పై నాలుగేళ్లుగా తాతకు ఇదే పని. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. తప్పు చెప్పి ఉంటే చెప్పుకోవడానికి మిగిలేవాడు కాదని మా నానమ్మ సత్తమ్మ అంటుంది.

అక్కడ చేసేవన్నీ భర్మార్లు. అడవిపందులు చేను మేయకుండా కాచుకోవడానికి రైతులు లైసెన్సు మీద తీసుకునే తుపాకులు. వీటికి అన్నీ మూతిలోంచే. ముందు మందు పోయాలి, తర్వాత గుండు వేయాలి, కడ్డీతో దిగ్గొట్టాలి. మూతితోనే తిని మూతితోనే కక్కుతుంది, అచ్చం మా తాతలాగే. పాత రకానికి వెనకవైపు మూసుకుపోయి ఉంటుంది కాబట్టి లోపల ఏముందో కంటికి కనబడదు. అందుకే చెవి కావాలి.

సేటు కొడుకు హృషికేశ్ ఇంజినీరింగ్ చదివి వచ్చి కొత్త మోడల్ పెట్టాడు. పాతదానికి, కొడితే నిప్పు పుట్టించే క్యాప్ పక్కన ఉండేది. నిప్పు మూల తిరిగి మందు దగ్గరికి పోయేది, వానాకాలం దారిలోనే ఆరిపోయేది. కొత్తదానికి క్యాప్ సరిగ్గా మందు వెనకే. పేలితే నిప్పు సూటిగా పోయి తగులుతుంది. వెనకాల మరతో బిగించిన ప్లగ్గు ఉంటుంది. దాన్ని విప్పితే గొట్టం ఆ చివర నుంచి ఈ చివర దాకా తెరుచుకుంటుంది. పేల్చకుండానే లోపలి భర్తీని నెట్టేయవచ్చు.

"ఇది తుపాకా, నల్లా గొట్టమా?" అన్నాడు మా తాత.

ప్లగ్గు మసికి పట్టేస్తే విప్పడానికి అరగంట పడుతుంది. అందుకని హృషికేశ్ పొడుగు తుపాకికి పొడుగుది, పొట్టిదానికి పొట్టిది, ప్రతిదానికి ఒక ఫైబర్ కడ్డీ ఇచ్చి, దాని మీద ఎర్ర గీత పెట్టాడు. కడ్డీని అడుగుదాకా దింపినప్పుడు గీత గొట్టం అంచుకు సమానంగా ఉంటే ఖాళీ. నాలుగు వేళ్లు పైకి నిలబడితే భర్తీ.

"ఇక చెవులతో పనిలేదు, కళ్లుంటే చాలు," అన్నాడు హృషికేశ్.

"పనిరానోనికి గీత గావాలె," అన్నాడు మా తాత, అందరికీ వినబడేలా.

తనకు మాత్రం వినబడలేదు. అప్పటికి మూడేళ్లుగా ఆయనకు ఏదీ వినబడడం లేదు. తుపాకులే ఆ చెవుల్ని తినేశాయి. ఆ సంగతి కనిపెట్టింది నేనే. ఒకరోజు వెనక నిలబడి, "ముసలి నక్కా, నీ లుంగీ ఊడిందిరో," అన్నాను. తాపీగా చాయ్ తాగుతున్నాడు. ఇంకా ఘోరమైనవి నాలుగు అన్నాను. చాయ్ అయిపోయింది, గ్లాసు కడిగి బోర్లించాడు. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను. ముందుకొచ్చి చేతులతో చెప్పేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"ఎవ్వలకు జెప్పకే. బల్ల మీదికెల్లి లేపుతరు. ఇంట్ల మీ నానమ్మ మొకం జూస్కుంట నేనేం బతుకుత?"

కడ్డీని వేళ్ల కొసలతో పట్టుకుంటే అదురు తెలుస్తుందట. మోగితే వణుకుతుంది, భర్తీ ఉంటే చచ్చినట్టు ఆగుతుంది. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాడు. తర్వాత షుగరు వచ్చి వేళ్లూ మొద్దుబారాయి. అప్పటినుంచి చప్పుడు విన్న పక్కవాళ్ల మొహాలు చూసి చెబుతున్నాడు.

పోయిన పార్లమెంటు ఎన్నికలకు కోడ్ రాగానే లైసెన్సు తుపాకులన్నీ అప్పగించాలన్నారు. నలభై ఒక్కటి మా సేటు దగ్గర జమయ్యాయి, అన్నీ ఆయన అమ్మిన కొత్త మోడలువే. ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి ఇచ్చే ముందు ఒక్కొక్కటీ ఖాళీనా కాదా చూడాలి. సేటు మా తాతను పిలిచాడు. ఆయనది ముప్పై నాలుగేళ్లుగా చూస్తున్న మూతి, ఏమన్నా తాతకు పెదవుల్లోనే తెలిసిపోతుంది.

"ఉప్పలయ్యా, ఈసారి అబ్బాయి గీతలతోనే చూస్తాడు. ఈ నలభై ఒక్కటీ సాఫీగా అయిపోతే నువ్వు ఇంక ఇంటిపట్టున ఉందువుగానిలే."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాత నన్ను వాకిట్లోకి లాగాడు. కళ్లు మెరుస్తున్నాయి.

"పోరీ, గా నలభై ఒక్కటిట్ల ఒకటి భర్తీ ఉన్నది. ఏ రైతో మర్శిపోయి తెచ్చి ఇచ్చిండు."

నోరు బాగా తెరిచి, ఆయనకు కనబడేలా అడిగాను. "నీకెట్ల ఎర్క? చెవుతోనా?"

తల దించుకున్నాడు. "దాని గీత జెప్పింది."

నేను కడుపు పట్టుకుని నవ్వాను. "పనిరానోనికి గీత అంటివి గద తాతా!"

"నోర్ముయ్, ఇను. అది పొడుగు గొట్టం. షాపుల మిగిలిన పొట్టి తుపాకి రాడ్డు దీస్కొచ్చి దానికి వెట్టిన. పొట్టి రాడ్డుకు గీత నాలుగు వేళ్లంత కిందికుంటది. రేపు సిన్నసేటు సూస్తే గీత సక్కగ అంచుకొస్తది. ఖాళీ అని రాస్తడు. అప్పుడు నేను వోయి, నా ఇనుప కడ్డీ ఏసి, భర్తీ అంట. సేటు ముంగట ప్లగ్గు ఇప్పి గుండు దీసి వాని చేతిల వెడ్త. వాని మొకం సూడాలె నువ్వు!"

"జర నేనొచ్చేదాక ఆగు మరి, నేను గూడ సూస్త," అన్నాను. ఇద్దరం దగ్గొచ్చేదాకా నవ్వుకున్నాం.

మర్నాడు టిఫిన్ డబ్బాతో గంట ముందే పోయాను. గీతలు చూడడం అయ్యాక, మధ్యాహ్నం భోజనం చేసి క్యాపులు పేల్చి చూడడం అక్కడి రివాజు. ఖాళీ గొట్టానికి క్యాప్ ఒక్కటే పెట్టి కొడితే మూతిలోంచి వెచ్చటి గాలి వస్తుంది. వచ్చిందంటే నిప్పుదారి సాఫుగా ఉన్నట్టు. ఆ గాలి చూడడానికి మూతి ముందు అరచెయ్యి పెడతారు. తప్పు పనే, కానీ అక్కడ అందరూ చేసేవాళ్లు. ఆ రోజు చెయ్యి నరేందరన్నది. జనగామ నుంచి వచ్చినవాడు, ముప్పై అయిదేళ్లు ఉంటాయి, ఇద్దరు పిల్లలు, గొట్టాలకు పాలిష్ పట్టేవాడు. మా తాతకు రోజూ చాయ్ తెచ్చిచ్చేదీ అతనే.

హృషికేశ్ ఆ రోజు టైము కలిసొస్తుందని రెండు పనులూ ఒకేసారి పెట్టుకున్నాడు. గీత చూడడం, వెంటనే క్యాప్ పేల్చడం. తాత అటు తిరిగి దేనికో నూనె పెడుతున్నాడు. క్యాపుల చప్పుళ్లు ఆయనకు చేరలేదు. నాకు చేరాయి కానీ భర్తీ ఉన్నది ఏదో నాకు తెలియదు.

చేతులు కడుక్కోవడానికి తాత ఇటు తిరిగాడు. స్టాండుకు బిగించిన పొడుగు తుపాకిని చూశాడు. దాని మూతి ముందు నరేందరన్న అరచేతిని చూశాడు.

నేను తాత మొహమే చూస్తున్నాను. నోరు తెరిచాడు. మూశాడు. ఆ తుపాకిలో తన కడ్డీ ఇంకా వేయనేలేదు. భర్తీ అంటే, నీకెట్లా తెలుసని అడుగుతారు. దానికి జవాబు వెతుక్కునేంతసేపు, అంతే, ఆ నోరు మూసుకుని ఉంది.

"భర్తీ ఉన్నది!" అని అరిచాడు. ఆ మాటా తుపాకీ ఒకేసారి పేలాయి.

నరేందరన్నకు చూపుడువేలూ నడిమి వేలూ పోయాయి. బొటనవేలు కింద కండ కూడా పోయింది. మొదట అరవలేదు. నేల మీద వేళ్లకోసం వెతికాడు.

దవాఖానాలో గ్రైండింగ్ చక్రం కోసిందని చెప్పించాడు సేటు. నరేందరన్న చేతా అదే చెప్పించాడు. పొట్టి రాడ్డు, పొడుగు రాడ్డు కట్టలు కట్టేటప్పుడు తానే కలిపేశానని హృషికేశ్ ఏడ్చాడు. గీతలన్నీ థిన్నర్‌తో తుడిపించేశాడు. వర్క్‌షాపులో మా తాత దేవుడైపోయాడు.

"కడ్డీ ఎయ్యనేలే! పది అడుగుల అవుతలికెల్లి కనిపెట్టిండు ముసలాయన. అది చెవి గాదు," అని చెప్పుకున్నారు.

ఇంటిపట్టున ఉండమన్న మాట సేటు మళ్లీ ఎత్తలేదు. బల్ల దగ్గరికి గిర్రున తిరిగే కుర్చీ కొత్తది తెప్పించాడు. ఆ సాయంత్రం మా తాత రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తిని, చేతులు కడుక్కుంటూ తన వేళ్లు లెక్కపెట్టుకున్నట్టు చూసుకున్నాడు.

రెండు నెలలకు నరేందరన్న పనిలోకి వచ్చాడు. పాలిష్ చక్రం దగ్గర గొట్టం పట్టుకోలేడు. ఉప్పలయ్య దగ్గర కూర్చుని ఆ చెవిపని నేర్చుకో అన్నాడు సేటు. నరేందరన్న ఎడమచేత్తో మా తాత కాళ్లకు మొక్కాడు.

"నీ మాట ఒక్క చిటికె ముంగట వడుంటే నా ఏళ్లు నాకుండు తాతా. అయినా గంతన్న అన్నవ్. నీ చెవులకు దండం."

తాత నా వంక చూశాడు. తలూపమన్నట్టు సైగ చేశాను. ఊపాడు.

అప్పటినుంచి నన్ను రోజూ డబ్బాతో రమ్మని, వచ్చాక పక్కనే కూర్చోమని పట్టుబట్టాడు. మాకో ఒప్పందం. నరేందరన్న కడ్డీ వేస్తే, మోగినప్పుడు నేను తాత మోచేతి మీద ఒకసారి గిల్లాలి, మోగనప్పుడు రెండుసార్లు. మాటల్లో అయితే తాత అన్నిటికీ అవును అంటాడు. కాదు అనాల్సి వస్తే గట్టిగా గిల్లాలి. కోపం ఉన్న రోజు ఊరికే కూడా గిల్లేదాన్ని. కాదు కాదు అంటూ తల తిప్పేవాడు, నరేందరన్న బిత్తరపోయేవాడు. రెండు వారాలు అలా గడిచాయి.

ఒకరోజు రేషన్ కార్డు వేలిముద్రకోసం నేను ఉప్పల్ పోవాల్సి వచ్చింది. ఆ రోజు జరిగింది తర్వాత నరేందరన్నే నాకు చెప్పాడు. గుడ్డపీలికలు కుక్కిన గొట్టంలో కడ్డీ వేశాడు. ధబ్‌మంది. తాత ఖాళీ అన్నాడు. తాను తప్పు విన్నానేమోనని మళ్లీ వేశాడు. మళ్లీ ఖాళీయే. మూడోసారి కడ్డీని వేసినట్టు చెయ్యి ఆడించి, వేయకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఖాళీ. మస్తు మోగింది," అన్నాడట మా తాత.

నరేందరన్న కడ్డీని బల్ల మీద పెట్టేశాడు. వినబడనివాడు ఆ రోజు భర్తీ అని ఎట్లా అరిచాడో ఇంటికి పోయి ఆలోచించుకున్నాడు. మోగకుండా తెలియాలంటే ముందే తెలిసి ఉండాలి. రాడ్లు ఎవరు కలిపారో దాంతో తేలిపోయింది.

మర్నాడు నేను పోయేసరికి సేటూ హృషికేశూ బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఏదో సన్మానం అనుకుని మా తాత నిటారుగా కూర్చున్నాడు. నేను పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకున్నాను. నరేందరన్న వంగి నాతో అన్నాడు.

"చెల్లె, నువ్వు జర నడ్మ రాకు."

తర్వాత మా తాత వైపు తిరిగాడు. నరేందరన్న పెదవులు గుబురు మీసం కింద కనబడవు. కళ్లు మాత్రం నవ్వుతున్నాయి. ఎంతో ప్రేమగా, పసిపిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాడు.

"తాతా, గా దినం రాడ్డు మార్శి వెట్టింది నువ్వేనా?"

తాత మోచెయ్యి నా చేతిలో ఎదురుచూసింది. నా రెండు వేళ్లు చర్మాన్ని పట్టుకునే ఉన్నాయి. నరేందరన్న కుడిచెయ్యి బల్ల మీద ఉంది. కుట్లు వేసిన చోటు ఇంకా నీలంగానే ఉంది.

నేను గిల్లలేదు.

మా తాత మొహం వెలిగిపోయింది. "నేనే మరి!" అన్నాడు సేటు వంక గర్వంగా చూస్తూ. "ఇంకెవనితోని అయితది కొడుకా? ముప్పై నాలుగేండ్ల పనితనం."

హృషికేశ్ బయటికి వెళ్లిపోయాడు. నరేందరన్న ఇనుప కడ్డీని మా తాత ఒళ్లోంచి ఎడమచేత్తో తీసుకున్నాడు. దవాఖానాలో చెప్పించిన అబద్ధం తనదే కాబట్టి సేటు పోలీసుల మాట ఎత్తలేడు. నాతో అన్నాడు. "తీసుకెళ్లమ్మా. మళ్లీ తీసుకురాకు."

ఆ మూతిని మాత్రం మా తాత చదివాడు. కుర్చీలోంచి లేచి చెప్పులు వెతుక్కున్నాడు. ఒకటి బల్ల కిందికి పోయింది. దాన్ని నరేందరన్నే కాలితో బయటికి తోశాడు.

రోడ్డు మీద బస్సుకోసం నిలబడ్డాం. తాత నా భుజం తట్టి, "ఏమడిగిండే వాడు?" అన్నాడు.

నోరు పెద్దగా తెరిచి, ఒక్కొక్క ముక్కా చెప్పాను. రాడ్డు. మార్చింది. నువ్వేనా.

"మరి నేనేమన్న?"

"నేనే మరి అన్నవ్."

లారీ ఒకటి మా మీద దుమ్ము పోసి పోయింది. అప్పుడు అడిగాడు. "నువ్వెందుకు గిల్లలేదే?"

"గిల్లబుద్ధి కాలే."

నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. బస్సు డ్రైవరు, మమ్మల్ని ఎక్కించుకోమంటున్నాడనుకుని ఆపాడు. నేను ముందు ఎక్కి, తాతను రెట్ట పట్టుకుని పైకి లాగాను.