పెద్దమ్మ చెప్పిన మంత్రగత్తె

సత్తుపల్లిలో ఆడిన ఆ మాయల సినిమాను మా ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే చూసింది. మర్నాడు చేలో మిరపకాయలు ఏరుతూ కథంతా చెప్పింది. కన్నకొడుకు చిలకై ఎగిరిపోతుంటే మంత్రగత్తె ఎలా ఏడ్చిందో ఏడ్చి చూపించింది.

"మంత్రగత్తె ఏడుస్తదా?" అన్నాను.

"ఏందే, తల్లి గాదా?"

కారం చేతులతో కళ్లు తుడుచుకోలేక అందరం అలాగే నిలబడ్డాం.

పెద్దమ్మ పోయిన చాలా ఏళ్లకు ఆ సినిమా టీవీలో వచ్చింది. గాలిలో తేలే అడవి, వెలిగే ఏరు అద్భుతమే. హీరో ఉత్త కొయ్యబొమ్మ, కథకు తలాతోకా లేదు. అయినా ఆ ఏడుపు కోసం కదలకుండా కూర్చున్నాను. చిలక ఎగిరిపోయింది. మంత్రగత్తె నవ్వి ఊరుకుంది.

టీవీ కట్టేశాను. మిరపచేలో ఆడిన సినిమా కావాలి నాకు.